ఖాళీ దినాల లెక్క

సోలాపూర్‌లో అశోక్ చౌక్ దాటి అక్కల్‌కోట్ రోడ్డు వైపు పోతుంటే, నేత పేటలోకి వచ్చామని కంటికంటే ముందు చెవికే తెలుస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ నుంచి తాతముత్తాతల కాలంలో వలస వచ్చిన పద్మశాలి ఇళ్లవి. ఇంట్లో తెలుగు, కార్ఖానాలో సగం తెలుగు, సగం మరాఠీ. సిరిసిల్లలో సాంచె అనే మరమగ్గాన్ని ఇక్కడ మాగ్ అంటారు. కూలి డబ్బు పగార్, అడ్వాన్సు ఉచల్, మగ్గానికెక్కించే పడుగు చుట్ట బీమ్. ఊరి బాగోగులు మాగుల చప్పుడుతోనే చెబుతారు. చప్పుడు పలచబడిందంటే బజారు పడిందని అర్థం.

వినాయక చవితి వెళ్లిన వారంలో, అలా చప్పుడు పలచబడిన ఒక పొద్దున, గడపలో కూచున్న పెద్దాయన్ని అడిగాను: "ఎన్ని దినాలయింది మామా, పని లేక?"

"పని లేకేంది? నేను మాగ్ నడిపేటోన్నే. బీమ్ లేదు, అంతే."

"బీమ్ ఒడిసి ఎన్ని దినాలు?"

"ఎనిమిది."

లోపల చేట ముందు కూచుని బీడీలు చుడుతున్న ఆయన భార్య తల ఎత్తకుండానే దిద్దింది. "ఎనిమిదెక్కడివి? నూలు పున్నం కాన్నుంచి రెండు మాగుల మీద ఒక్కటే నడవవట్టె. పగార్ సగమైంది అప్పటి సందే." కొడుక్కి ఇది కూడా నచ్చలేదు. "సేఠు ఉచల్ ఇయ్యనన్నడు చూడు, ఆ దినం నుంచి లెక్కబెట్టాలె" అన్నాడు.

ఒకే మనిషి, ఒకే ఖాళీ. మొదలైన రోజులు మాత్రం మూడు.

మనిషి పని లేకుండా ఎంతకాలం ఉంటాడన్న ప్రశ్న మీద అర్థశాస్త్రంలో, గణాంక శాస్త్రంలో అరలకొద్దీ సాహిత్యం ఉంది. అందులో చాలావరకు ఏ సూత్రం అమర్చాలి, ఏ పంపిణీ నప్పుతుంది అన్న తగవే. ఆ తగవు చిన్నదని అనను. కానీ ఆ గడప దగ్గర నాకు తట్టింది ఒకటే: గడియారం ఎప్పుడు తిప్పాలో తెలియకుండా ఎంత మంచి సూత్రం పెట్టినా అది మన కొలతల్లోని తప్పునే కచ్చితంగా లెక్కగట్టి చూపిస్తుంది. ఈ సమీక్ష రాస్తున్నది ఆ దృష్టితోనే.

ముందు ఒక వింత చెప్పాలి. కాలావధిని లెక్కగట్టే ఈ శాస్త్రం పుట్టిల్లు మరణాల లెక్క అంటారు. నిజమే. 1662లో లండన్‌లో జాన్ గ్రాంట్ చావుల చిట్టాలు ముందేసుకుని, నూరుమంది పుడితే ఏ వయసుకి ఎందరు మిగులుతారో అంచనా కట్టాడు. అయితే దీని మేనమామ ఇల్లు మాత్రం నూలు మిల్లు. మాంచెస్టర్‌లోని పత్తి పరిశోధన సంస్థలో పనిచేసిన ఎఫ్.టి. పియర్స్ 1926లో నూలు పోగుల్ని లాగి తెంపుతూ ఒక సంగతి తేల్చాడు: పోగు బలమంటే దాని సగటు బలం కాదు, దానిలో అన్నిటికంటే బలహీనమైన చోటుకున్న బలం. అదే సంస్థలో ఉన్న ఎల్.హెచ్.సి. టిప్పెట్, రొనాల్డ్ ఫిషర్‌తో కలిసి 1928లో ఇలాంటి అతి కనిష్ఠ, అతి గరిష్ఠ విలువలకు గణితం సమకూర్చాడు. నిరుద్యోగ కాలాన్ని లెక్కగట్టేవాళ్లు తరచు వాడే వైబుల్ పంపిణీ ఆ కుటుంబంలోదే. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న పద్ధతిని 1972లో ఇచ్చిన డేవిడ్ కాక్స్ కూడా కుర్రతనంలో కొన్నేళ్లు లీడ్స్‌లోని ఉన్ని పరిశ్రమల పరిశోధన సంస్థలో పనిచేసినవాడే. మన నేత పేటలకు ఈ లెక్కలు పరాయివేమీ కావు. నూలు నుంచి వెళ్లినవే తిరిగి వస్తున్నాయి.

కాబట్టి అసలు భావం మాగ్ దగ్గర నిలబడితేనే బాగా అర్థమవుతుంది. పడుగులో వేల పోగులుంటాయి. ఇప్పటిదాకా తెగని పోగు ఈ నిమిషంలో తెగే అవకాశం ఎంత? దీన్నే హజార్డ్ రేటు అంటారు. నిరుద్యోగానికి వర్తింపజేస్తే: ఇన్ని వారాలుగా ఖాళీగా ఉన్న మనిషికి ఈ వారం పని దొరికే అవకాశం ఎంత? పోగు తెగితే నష్టం, ఖాళీ తెగితే లాభం. లెక్క మాత్రం ఒక్కటే. సగటున ఎన్నాళ్లు ఖాళీ అనే ప్రశ్నకంటే ఇది పదునైనది. సగటు ఒక్క అంకె చెప్పి ఊరుకుంటుంది. హజార్డ్ రేటు వారం వారం కథ చెబుతుంది: మొదట్లో త్వరగా పనులు దొరికి తరవాత మందగించాయా, పండగ ముందు ఒక్కసారిగా అందరికీ దొరికాయా అని.

ఇందులో రెండో కిటుకు సెన్సారింగ్. సర్వే చేసిన రోజుకి ఇంకా ఖాళీగానే ఉన్నవాడి కాలం ఎంతో మనకు తెలియదు. ఇంతకు తక్కువ కాదని మాత్రమే తెలుసు. మాగ్ మీదే ఉన్న, ఇంకా కోసి దించని గుడ్డ లాంటిది అది. పొడవు తెలియదు కదా అని లెక్కలోంచి తీసేస్తే, నేసినదంతా పొట్టి గుడ్డేనని తేలుతుంది. ఇప్పటిదాకా నేసినదే మొత్తం అనుకున్నా తప్పే. ఎడ్వర్డ్ కాప్లాన్, పాల్ మైయర్ 1958లో ఈ అసంపూర్ణ కాలాల్ని కూడా న్యాయంగా లెక్కలో కలిపే పద్ధతి ఇచ్చారు. వైద్యంలో రోగులు ఎన్నాళ్లు బతికారన్న దాదాపు ప్రతి గీతా ఈనాటికీ దాని మీదే నడుస్తోంది.

నిరుద్యోగానికి ఈ పనిముట్లను గట్టిగా వాడినవాడు టోనీ లాంకాస్టర్. 1979లో ఎకనామెట్రికాలో అచ్చయిన ఆయన వ్యాసానికి ఆధారం బ్రిటన్‌లోని 479 మంది నైపుణ్యం లేని నిరుద్యోగ కార్మికులు. అదే ఏడు అదే పత్రికలో స్టీఫెన్ నికెల్ కూడా ఈ దారిలోనే రాశాడు. లాంకాస్టర్ ఎదుర్కొన్న చిక్కు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. ఖాళీ కాలం పెరిగేకొద్దీ పని దొరికే అవకాశం తగ్గుతున్నట్టు లెక్కలు చూపిస్తాయి. ఖాళీగా ఉండటం వల్లే మనిషి విలువ పడిపోతోందా? లేక త్వరగా పని దొరికేవాళ్లు ముందే వెళ్లిపోయి, దొరకనివాళ్లు మిగలడం వల్ల అలా కనిపిస్తోందా?

ఊహకు ఒక పేట తీసుకుందాం. నూరుమంది నేతగాళ్లకు ఒకే రోజు మాగులు బంద్ అయ్యాయి. వాళ్లలో యాభైమంది చురుకైనవాళ్లు, ఏ వారమైనా వాళ్లలో సగంమందికి పని దొరుకుతుంది. మిగతా యాభైమంది చూపు మందగించినవాళ్లు, వాళ్లలో ఏ వారమైనా పదో వంతుకే పిలుపు వస్తుంది. మొదటి వారం ఇరవై అయిదుమంది, అయిదుగురు, మొత్తం ముప్ఫైమంది వెళ్లిపోయారు. అంటే నూటికి ముప్ఫై. మిగిలిన డెబ్బైమందిలో చురుకైనవాళ్లు ఇరవై అయిదుగురే. రెండో వారం వెళ్లేది పదిహేడుమంది, నూటికి దాదాపు ఇరవై నాలుగు. మూడో వారానికి అది పంతొమ్మిదికి దిగుతుంది. ఏ ఒక్కరి అవకాశమూ మారలేదు. జల్లెడలోంచి గింజలు ముందు రాలిపోయి తాలు పైన మిగిలినట్టు, జల్లెడ పట్టడం వల్లే రేటు పడిపోయింది. బయటినుంచి చూసేవాడు మాత్రం ఖాళీగా కూచుంటే సోమరితనం వస్తుందని పాఠం చెప్పేస్తాడు. నిరుద్యోగుల మీద పేపర్లలో వచ్చే సగం నీతిబోధలకు మూలం ఈ లెక్క తప్పే.

ఈ రెంటినీ విడదీయడానికి జేమ్స్ హెక్‌మన్, బర్టన్ సింగర్ 1984లో గణిత మార్గం వేశారు. ఆ లోతుకు ఇక్కడ పోనక్కర్లేదు. తరవాత క్రాఫ్ట్, లాంగే, నోటోవిడిగ్డో ప్రయోగానికే దిగారు. అమెరికాలో ఉద్యోగ ప్రకటనలకు కల్పిత దరఖాస్తులు పంపి, ఖాళీ నెలల సంఖ్య ఒక్కటే మార్చి చూశారు. మొదటి ఎనిమిది నెలల్లో ఖాళీ పెరిగేకొద్దీ యజమానుల పిలుపులు తగ్గాయని 2013లో రాశారు. అంటే ఖాళీ వల్ల దానంతటదే అంటుకునే మచ్చ కూడా ఉందన్నమాట. సోలాపూర్‌లో ఎవరూ దరఖాస్తు పంపరు. ఎవరి చేయి ఎంత చురుకో సందులో అందరికీ తెలుసు. అందుకే ఇక్కడ మచ్చకంటే జల్లెడ వాటాయే ఎక్కువని నా అంచనా. అంచనా మాత్రమే.

మామూలు చదువరి తప్పక తెలుసుకోవలసింది ఇంకొకటి. మళ్లీ ఊహకే: ఒక సందులో ఏడాది పొడుగునా వారానికొకరి చొప్పున యాభై రెండుమందికి ఒక్కో వారం ఖాళీ వచ్చింది. ఇంకొకాయన ఏడాదంతా ఖాళీ. మీరు ఏ వారం వెళ్లి చూసినా ఖాళీగా ఇద్దరే కనిపిస్తారు. వారం ఖాళీ ఒకరిది, ఏడాది ఖాళీ ఇంకొకరిది. నిరుద్యోగుల్లో సగంమంది దీర్ఘకాలికులు అని రాసుకుని వస్తారు. ఏడాది చివర చిట్టా తిరగేస్తే యాభై మూడు ఖాళీల్లో యాభై రెండు వారం లోపువే. ఏది నిజం? రెండూ నిజమే. ఒక రోజు వెళ్లి చూసే సర్వేకు పొడుగు ఖాళీలే ఎక్కువగా తగులుతాయి. ఆ ఏడాది మొత్తం ఖాళీ వారాలు నూట నాలుగు, అందులో సగం మోసింది ఒక్క మనిషే అన్నది కూడా అంతే నిజం. కిమ్ క్లార్క్, లారెన్స్ సమ్మర్స్ 1979లో అమెరికా లెక్కలతో చెప్పింది ఇదే: చాలామంది ఖాళీలు పొట్టివే అయినా, నిరుద్యోగ భారంలో ఎక్కువ భాగం కొద్దిమంది పొడుగు ఖాళీల మీదే ఉంది. పైగా ఖాళీ ముగిసిందని లెక్కలో పడ్డవాళ్లలో చాలామంది పనిలోకి పోలేదు, వెతకడమే మానేశారు.

ఇక మన దేశం సంగతి. ఇక్కడ లెక్క ఎలా కట్టాలన్న ఆలోచన పేలవంగా ఏమీ సాగలేదు. ఎం.ఎల్. దంత్వాలా కమిటీ 1970లో నివేదిక ఇచ్చింది. అమెరికా, బ్రిటన్ తరహాలో పని ఉన్నవాడు, లేనివాడు అని జనాన్ని రెండు ముక్కలుగా కోస్తే మన దేశానికి కుదరదని తేల్చింది. దాని ఫలితంగానే 1972-73 జాతీయ నమూనా సర్వేలో మూడు కొలతలు వచ్చాయి: ఏడాది లెక్క, వారం లెక్క, రోజువారీ లెక్క. ఈ మూడోది నాకు చాలా ఇష్టమైనది. వారానికి ఏడు రోజులు, రోజుకు రెండు సగాలు, మొత్తం పద్నాలుగు సగాల్లో మనిషి ఎన్ని సగాలు పనిచేశాడు అని అడుగుతుంది. రాజ్ కృష్ణ 1973లో ఇంకో మెట్టు ఎక్కి, కాలం, ఆదాయం, ఇష్టం, ఉత్పత్తి అని నాలుగు కొలబద్దలు పెట్టాడు.

కానీ పేపర్లో పతాక శీర్షికకు ఎక్కేది మాత్రం ఏడాది లెక్కో వారం లెక్కో. వారం లెక్కలో, ఆ వారంలో ఒక్క రోజు ఒక్క గంట పనిచేసినా పని ఉన్నట్టే. ఏడాది లెక్కలో ముప్ఫై రోజులు అనుబంధంగా ఏదైనా చేసినా పనివాడి కిందే జమ. నూలు పున్నం నుంచి రెండు మాగుల్లో ఒకటే నడుపుతున్న మన పెద్దాయన ఆ వారాలన్నిటా ఉద్యోగస్థుడే. బీమ్ అయిపోయిన తరవాత కూడా, ఎన్యూమరేటర్ వచ్చిన వారంలో ఒక పూట పక్క కార్ఖానాలో పడుగు అతికి వస్తే ఉద్యోగస్థుడే.

మాట దగ్గరే ఇంకో చిక్కు ఉంది. నిరుద్యోగి అనే పదం నేత ఇళ్లల్లో డిగ్రీ చదివిన కొడుక్కి వాడతారు గానీ మాగ్ నడిపే తండ్రికి వాడరు. ఆయన ఖాళీగా ఉన్నాడంటారు, బీమ్ లేదంటారు, కార్ఖానా బంద్ ఉందంటారు. మీకు ఉద్యోగం ఉందా అని అడిగితే ఆయన తికమకపడతాడు. ఎన్నాళ్లుగా అని అడిగితే పండగల్తో చెబుతాడు. నూలు పున్నం అంటే శ్రావణ పౌర్ణమి, మార్కండేయుడి రథం ఊరేగే రోజు. సోలాపూర్ పద్మశాలీలకు అది సంవత్సరంలో గుంజ పాతినంత గట్టి గుర్తు. అమెరికన్లు గుండుగుత్తగా నాలుగు వారాలనో ఆర్నెల్లనో చెప్పినట్టే వీళ్లు ఉగాది, నూలు పున్నం, దీపావళి అంటారు. ఆ జవాబుల్ని ఉన్నవున్నట్టు సూత్రంలో పోస్తే, పండగ పండగకీ హజార్డ్ రేటు ఎగిరి దూకినట్టు కనిపిస్తుంది. అందులో ఎంత నిజంగా పండగ గిరాకీ, ఎంత జ్ఞాపకం చేసిన సర్దుబాటు అన్నది వేరే ఆధారంతో విడదీయాలి.

ఆ వేరే ఆధారం కొంత పాత పుస్తకాల్లో ఉంది. పుణెలోని గోఖలే సంస్థ ఈ ఊరిని వదలకుండా చదివింది. ఎన్.ఎం. జోషి బొంబాయి దక్కన్ పట్టణ చేతివృత్తుల మీద 1936లో, ఆర్.జి. కాకడే సోలాపూర్ నేత కులాల ఆర్థిక, సామాజిక సర్వే 1947లో, డి.ఆర్. గాడ్గిల్ సోలాపూర్ నగరం మీద 1965లో తెచ్చిన గ్రంథాలు ఆ వరసలోవే. ఇటీవల డగ్లస్ హేన్స్ 2012లో పశ్చిమ భారత చిన్న పట్టణాల పెట్టుబడి మీద రాసిన చరిత్రలో సోలాపూర్ పద్మశాలీలది పెద్ద భాగం. వీటిని కలిపి చదివితే నాకు కనిపించేది ఇది: ఈ ఊళ్లో ఖాళీ ఎప్పుడూ ఉంది, దాని వేషం మారుతూ వచ్చింది. చేమగ్గం, చీరల రోజుల్లో వాన, పంట, పెళ్లిళ్ల రుతువు మగ్గాన్ని ఆపేవి, నడిపేవి. చద్దర్లు, టెర్రీ తువ్వాళ్లు, మరమగ్గాలు వచ్చాక నూలు ధర, కరెంటు, దూరదేశపు ఆర్డరు ఆ పెత్తనం తీసుకున్నాయి.

మధ్యలో గిరణీ, అంటే మిల్లు, కథ ఉంది. జూనీ గిరణీ అని ఊరంతా పిలిచే సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు 1877లో మొదలైంది. 1949 ఆగస్టు 27న యాజమాన్యం దాన్ని మూసేసింది. 1950 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి మిల్లును చేతిలోకి తీసుకుంది. ఊళ్లో తీవ్రమైన నిరుద్యోగం ఏర్పడిందన్నది అందులో చెప్పిన కారణాల్లో ఒకటి. దాని మీద మిల్లు వాటాదారు చరణ్‌జిత్ లాల్ చౌధురి వేసిన పిటిషన్ సుప్రీంకోర్టు తొలి రాజ్యాంగ తీర్పుల్లో ఒకటైంది. న్యాయ విద్యార్థులు ఈనాటికీ సమానత్వ హక్కు కింద దాన్ని చదువుతారు. వాళ్లలో ఎందరికి గుర్తుంటుందో గానీ, ఆ కేసు వెనక ఉన్నది గిరణీ గేటు బయట నిలబడ్డ జనం. నా లెక్కకు ఆ ఘటన విలువ వేరే ఉంది: అక్కడ గడియారం మొదలైన తారీఖు అందరికీ ఒకటే, కాగితం మీద ఉంది. గిరణీ మూతపడితే వేలమంది ఖాళీ ఒకే రోజు మొదలవుతుంది. నాలుగు మాగుల కార్ఖానా మూతపడితే అది ఏ సర్కారు కాగితం మీదా ఉండదు. గిరణీలు ఒకటొకటిగా పోయి పని కార్ఖానాల్లోకి చెదిరిపోవడంతో ఖాళీ తగ్గలేదు, దానికున్న ఉమ్మడి తారీఖు మాత్రం పోయింది.

ఖాళీ ముగియడం సంగతి చూద్దాం. పాఠ్యపుస్తకంలో నిరుద్యోగి పని వెతుకుతాడు. జార్జ్ స్టిగ్లర్, జాన్ మెకాల్ నుంచి వచ్చిన వెతుకులాట సిద్ధాంతంలో అతను వచ్చిన ప్రతి అవకాశాన్నీ తూచి, తన మనసులోని కనీస కూలికి తగ్గితే కాదంటాడు. సోలాపూర్ నేతగాడు వెతకడు, కాచుకుంటాడు. ఉచల్ తీసుకున్న సేఠు దగ్గరే మళ్లీ బీమ్ ఎక్కాలి. బాకీ తీరకుండా ఇంకో కార్ఖానా మెట్టెక్కితే మర్యాదా కాదు, కుదరదు కూడా. దీనికి దగ్గరి చుట్టం మార్టిన్ ఫెల్డ్‌స్టైన్ 1976లో వివరించిన తాత్కాలిక లేఆఫ్: పోయినవాడిని అదే యజమాని మళ్లీ పిలుస్తాడు. లారెన్స్ కాట్జ్, బ్రూస్ మేయర్ 1990లో దాన్ని లెక్కలోకి తెచ్చి, పాత యజమాని పిలుపును, కొత్త పనిని రెండు వేర్వేరు ద్వారాలుగా చూడాలన్నారు. రెంటినీ కలిపేస్తే, పిలుపు మీద ఆశతో కూచున్నవాడు వెతకని సోమరిలా కనిపిస్తాడు. ఈ సాహిత్యమంతటిలోనూ మన పేటకు అచ్చంగా నప్పే పద్ధతి ఇదేనని నా తీర్పు. కాకపోతే ఇక్కడ ద్వారాలు రెండు చాలవు. పాత సేఠు పిలుపు ఒకటి, బాకీ మార్చుకుని ఇంకో కార్ఖానా ఒకటి, నేత వదిలేసి ఆటో నడపడమో పుణెలో వాచ్‌మన్‌గా చేరడమో ఒకటి. నాలుగోది వయసు మీదపడి ఊరుకోవడం. నాలుగో ద్వారంలోంచి వెళ్లినవాడిని నిరుద్యోగం తగ్గిన ఖాతాలో వేయడం అన్యాయం.

ఇప్పుడు చేట ముందున్న ఆమె. సోలాపూర్ నేత ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుట్టడం మగవాళ్ల పని పోయినప్పుడు పుట్టుకొచ్చింది కాదు. మగాయన రెండు మాగులూ నడుస్తున్నా ఆమె చుడుతూనే ఉంటుంది. ఆకు నానబెట్టడం, కత్తిరించడం, తంబాకు నింపి చుట్టి దారం కట్టడం, కంపెనీలో లెక్క అప్పజెప్పడం. కూలి వెయ్యి బీడీల లెక్కన. చెకింగులో తీసేసినవి ఆమె నష్టం. భర్త పని పోతే భార్య పనిలోకి దిగుతుందని పాశ్చాత్య అర్థశాస్త్రం 1940ల నుంచి ఒక సిద్ధాంతం చెబుతోంది. ఇక్కడ ఆమె ముందే దిగి ఉంది. ఆయన ఖాళీని మోసే బీమా ఆమె వేళ్లు. ఆ బీమా ఉన్నంతకాలం ఆయన సేఠు పిలుపు కోసం కాచుకోగలడు. అది లేని ఇంట్లో మూడో రోజుకే నేత వదిలి ఏ హమాలీకో పోతాడు. అంటే ఆయన ఖాళీ ఎన్నాళ్లన్నది ఆమె చుట్టే బీడీల మీద ఆధారపడి ఉంది. భార్య సంపాదనను పక్కనపెట్టి భర్త వయసు, చదువు మాత్రమే పెట్టిన సూత్రం ఈ ఊళ్లో సగం గుడ్డిది. ఆమెకూ ఖాళీలున్నాయి. 2016 ఏప్రిల్‌లో పొగాకు డబ్బాల మీద ఎనభై అయిదు శాతం హెచ్చరిక బొమ్మ నిబంధన వచ్చినప్పుడు బీడీ కంపెనీలు పని ఆపాయి. వారానికి మూడు రోజుల ఆకే ఇచ్చే రోజులు వేరే. ఆమెను నిరుద్యోగి అని ఎవరూ రాయలేదు.

ఈ విషయంలో గుర్తుకొచ్చేది ఆస్ట్రియాలోని మరియెంతాల్. వియన్నా దగ్గర నూలు మిల్లు మీద బతికిన పల్లె. మిల్లు మూతపడ్డాక మేరీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అక్కడ 478 కుటుంబాల్ని చదివి 1933లో పుస్తకం తెచ్చారు. కిటికీ చాటున గడియారం పెట్టుకుని వీధిలో నడిచేవాళ్ల వేగం కూడా కొలిచారు. మగవాళ్లు నెమ్మదిగా, ఆగి ఆగి నడిచారు. ఆడవాళ్లు వేగంగా నడిచారు, ఎందుకంటే వాళ్లకు ఇంటి పని ఎప్పుడూ పోలేదు. ఏ సూత్రమూ లేని ఆ పుస్తకం సూత్రాలున్న పుస్తకాలకంటే ఎక్కువ చెబుతుంది.

చట్టం ఈ గడియారాన్ని ఎలా చూస్తుందో రెండు ముక్కల్లో. లేఆఫ్‌లో సగం కూలి పరిహారం ఇవ్వాలన్న నిబంధన యాభైమందికంటే తక్కువ ఉన్న ఫ్యాక్టరీకి వర్తించదు. మాగుల షెడ్డు ఆ గీతకు కిందే ఉంటుంది. ఈఎస్ఐలో 2018లో వచ్చిన అటల్ బీమిత్ పథకం పని పోయినవాడికి తొంభై రోజుల వరకు కొంత డబ్బు ఇస్తుంది, అదీ కార్డు ఉన్నవాడికి. మహారాష్ట్ర దేశానికి దారి చూపిన ఉపాధి హామీ పల్లెలకే. సిరిసిల్లలో ఇంకో దారి తొక్కారు: 2017 నుంచి ప్రభుత్వమే బతుకమ్మ చీరల ఆర్డరు ఇచ్చి సాంచెలు నడిపించింది. ఆ ఆర్డరు ఆగాక 2024 మొదట్లో సాంచెలు బంద్ పడ్డాయి. ఒక్క కొనుగోలుదారు మీద నిలిచిన ఊళ్లో ఖాళీలన్నీ ఒకేసారి మొదలై ఒకేసారి ముగుస్తాయి. అక్కడ మనిషి మనిషికీ విడిగా హజార్డ్ రేటు కట్టడంకంటే ప్రభుత్వ జీవో తారీఖు చూడటం మేలు.

మరి సోలాపూర్‌లో ఎలా కొలవాలి? జవాబు మళ్లీ నూలు మిల్లులోనే దొరుకుతుంది. పైన చెప్పిన టిప్పెట్ 1935లో ఒక చిన్న ఉపాయం రాశాడు. మగ్గం ఎంతసేపు ఆగిందో తెలియాలంటే రోజంతా దాని పక్కన స్టాప్‌వాచ్‌తో కూచోనక్కర్లేదు. వేళాపాళా లేకుండా షెడ్డులో నడుస్తూ, చూసిన క్షణంలో ఏ మగ్గం నడుస్తోంది, ఏది ఆగింది, ఎందుకు ఆగింది అని గీతలు పెట్టుకుంటే చాలు. వెయ్యిసార్లు చూస్తే నూట ఎనభైసార్లు ఆగి ఉందంటే, కాలంలో నూటికి పద్దెనిమిది వంతులు ఖాళీ. దీనికి ఇంకొక్క అంకె కలిపితే కాలావధి కూడా వస్తుంది. పేటలో ఏ రోజు చూసినా సగటున నలభై మాగులు ఆగి ఉన్నాయి, వారానికి కొత్తగా పది ఆగుతున్నాయి అనుకోండి. ఒక్కో ఖాళీ సగటున నాలుగు వారాలు. ఎవరి జ్ఞాపకాన్నీ అడగలేదు, ఎవరినీ నువ్వు నిరుద్యోగివా అని కించపరచలేదు. సగటు ఒక్కటే వస్తుంది, వారం వారం కథ రాదన్న లోపం ఉంది. ఆ కథకు అవే ఇళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లాలి.

దానికీ ఇప్పుడు కొంత వీలు దొరికింది. 2017లో మొదలైన కేంద్ర శ్రామికశక్తి సర్వే పట్టణాల్లో ఒక్కో ఇంటికి మూడు నెలలకోసారి చొప్పున నాలుగుసార్లు వెళ్లేది. మూడు నెలల మధ్యలో వచ్చిపోయిన ఎనిమిది రోజుల ఖాళీ దాని కంట పడే దారే ఉండేది కాదు. 2025 జనవరి నుంచి అది వరసగా నాలుగు నెలలు వెళుతోంది, జిల్లాను మూల విభాగంగా తీసుకుంటోంది. నెల కూడా నేత పేటకు పెద్ద కాలమే. అయినా మునుపటికంటే మేలు.

సోలాపూర్ కాలేజీల్లో స్టాటిస్టిక్స్ చదువుతున్న నేత ఇళ్ల పిల్లలు ఈ వ్యాసం ఇంతదాకా చదివి ఉంటే, వాళ్లకు ఒక మనవి. ప్రాజెక్టు కోసం ఏదో దేశపు పాత దత్తాంశం దించుకుని వైబుల్ గీత గీయకండి. మీ సందులో ఏ కార్ఖానాదారు చిట్టా తెరిచినా ప్రతి బీమ్‌కీ ఎక్కించిన తారీఖు, దించిన తారీఖు, కూలి ఇచ్చిన తారీఖు దొరుకుతాయి. ఒక్క ఏడాదివి ఎక్కించుకోండి. దించిన రోజుకీ మళ్లీ ఎక్కించిన రోజుకీ మధ్య ఎన్ని దినాలో రాయండి. ఎవరు అదే సేఠు దగ్గరికి తిరిగి వచ్చారో, ఎవరు రాలేదో పక్కన గుర్తు పెట్టండి. ఆ తరవాత ఆ ఇళ్లకు వెళ్లి, అవే ఖాళీల గురించి చేట ముందున్న అమ్మను అడగండి. ఆమె చెప్పిన తారీఖు చిట్టాతో కలవకపోతే రెండూ రాసుకోండి, ఆమెది కొట్టేయకండి.